బ్రాడీపేట, అరండల్‌పేట పేర్లు, గోడల్లో మిగిలిన దొరల పలకలు: తీసేయమని అర్జీ పెడుతున్నాం, మీ మాట చెప్పండి

బ్రాడీపేట_నాలుగోలైను | ఆదివారం రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మా పెద్దబ్బాయి ఎనిమిదో తరగతి. "మీ పేటకు ఆ పేరు ఎలా వచ్చిందో పెద్దవాళ్లని అడిగి రాయండి" అని బళ్లో హోంవర్క్ ఇచ్చారు. నేను ఇక్కడే, గుంటూరు బ్రాడీపేటలోనే పుట్టాను, ఇక్కడే పెరిగాను. బ్రాడీ అనే ఇంగ్లీషు అధికారి పేరు పెట్టారని తప్ప ఇంకో ముక్క చెప్పలేకపోయాను. ఆయన ఈ ఊరికి ఏం చేశాడని వాడు అడిగితే నా దగ్గర జవాబు లేదు. మా నాన్నకూ తెలియదు. పక్కన అరండల్‌పేట వాళ్లను అడిగితే వాళ్లదీ అదే పరిస్థితి.

అదే పిల్లాడు కన్నెగంటి హనుమంతు ఎవరో చెప్పగలడు. పుల్లరి ఎందుకు కట్టనన్నాడో, 1922 ఫిబ్రవరిలో మించాలపాడులో పోలీసుల కాల్పుల్లో ఎలా చనిపోయాడో వాడికి తెలుసు. అడవిలో పశువులు మేసినందుకు పన్ను అడిగిన ప్రభుత్వం అది. ఆ ప్రభుత్వపు అధికారుల పేర్లను మనం రోజూ అడ్రసులో రాసుకుంటున్నాం.

ఇంకో విషయం. మా నాన్న చదువుకున్న బడి గోడలో ఒక పాలరాతి పలక ఉంది. ఫలానా దొరగారి దయతో ఈ గది కట్టారని ఇంగ్లీషులో చెక్కారు. బడికి రంగు వేసిన ప్రతిసారీ ఆ పలక మీద చుక్క పడకుండా జాగ్రత్తగా వేస్తారు. వీధి చివర స్వాతంత్ర్య సమరయోధుల పేర్లున్న దిమ్మె మాత్రం ఏడాది పొడుగునా ఫ్లెక్సీల వెనకే ఉంటుంది. అది చూసినప్పుడల్లా నాకు కడుపు రగిలిపోతుంది.

మూడు లైన్లు తిరిగి సంతకాలు పెట్టించాం. రెండు పేటల పేర్లు మార్చాలి, ఇలాంటి పలకలు తీసేయాలి అని కార్పొరేషన్‌కు అర్జీ ఇస్తాం. ఇక్కడ చదువుకున్నవాళ్లు, ఊరి చరిత్ర తెలిసినవాళ్లు ఉన్నారు. అర్జీలో ఏం రాయాలో చెప్పండి.

---

పెదనందిపాడు_రైతుబిడ్డ | ఆదివారం రాత్రి 9:32

నా సంతకం కూడా వేసుకోండి అక్కా. మా తాతల కాలంలో, 1921-22లో, పెదనందిపాడు ఫిర్కా (చుట్టుపక్కల ఊళ్లన్నీ కలిపి) మొత్తం శిస్తు కట్టనంది. పర్వతనేని వీరయ్య చౌదరి గారు ముందు నడిచారు. శాంతిసేన కట్టారు. మునసబులు, కరణాలు ఉద్యోగాలు వదిలేశారు. పశువులను జప్తు చేసి వేలం వేస్తే పాట పాడేవాడు దొరకలేదని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

అప్పుడు గుంటూరు కలెక్టరు రూథర్‌ఫర్డ్. ఆ తర్వాత 1924లో అల్లూరి సీతారామరాజును పట్టుకోవడానికి మన్యానికి స్పెషల్ కమిషనర్‌గా పంపింది కూడా ఆయన్నే. మన జిల్లాలో పన్ను అడిగిన చేతులు, అక్కడ తుపాకీ పట్టించిన చేతులు ఒకటే. ఇది అర్జీలో రాయండి.

---

అరండల్‌పేట_షాపు | ఆదివారం రాత్రి 10:05

మీ బాధ అర్థమైంది. నా బాధ కూడా వినండి. నాది అరండల్‌పేటలో ముప్పై ఏళ్ల షాపు. బోర్డు, బిల్లు పుస్తకాలు, జీఎస్టీ రిజిస్ట్రేషన్, బ్యాంకు కాగితాలు, ఆధార్, పిల్లల సర్టిఫికెట్లు, అన్నిట్లో ఆ పేరే. ఒక్క అక్షరం తేడా ఉందని మా అమ్మాయి పాస్‌పోర్టుకు నేను ఆరుసార్లు తిరిగాను. పేట పేరే మారితే ఇక్కడ ఉండే ప్రతి ఇంటికీ ఆ తిరుగుడు తప్పదు.

"నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు" అంటే ఆటోవాడు కళ్లు మూసుకుని తీసుకొస్తాడు. ఆ పేరు వింటే నాకు ఏ దొరా గుర్తురాడు. మా నాన్న కట్టిన షాపు గుర్తొస్తుంది, పొద్దున్నే షట్టర్ తీసే చప్పుడు గుర్తొస్తుంది. ఈ పేరు ఇప్పుడు మనది అయిపోయింది. దాన్ని మళ్లీ ఆ ఇంగ్లీషు వాడికి ఎందుకు ఇచ్చేయాలి?

---

బ్రాడీపేట_నాలుగోలైను | ఆదివారం రాత్రి 10:21

అన్నా, కాగితాల తిప్పలు నిజమే. రాజమండ్రిని 2015లో రాజమహేంద్రవరం చేశారు, జనం రెండూ వాడుతున్నారు, రైలు ఆగలేదు. 2005లో కడప స్పెల్లింగ్ మార్చారు, ఇప్పుడు పాతది ఎవరికీ గుర్తులేదు. పదేళ్లలో అలవాటు అవుతుంది.

---

కృష్ణలంక_మాస్టారు | సోమవారం ఉదయం 6:15

అమ్మా, రిటైరైన సోషల్ టీచర్ని. మీ అబ్బాయికి ఆ హోంవర్క్ ఇచ్చిన టీచరు ఎవరోగానీ వాళ్లకు నా నమస్కారం చెప్పండి.

మీరు అడుగుతున్నది మన పెద్దలు ఒకసారి అడిగి, సాధించిన పనే. మద్రాసు మౌంట్ రోడ్డులో కర్నల్ నీల్ విగ్రహం ఉండేది. 1857లో అలహాబాదు, కాన్పూరు దారిలో ఊళ్లకు ఊళ్లను ఉరితీయించిన మనిషి. 1927లో ఆ విగ్రహాన్ని తీయాలని సత్యాగ్రహం జరిగింది. వెళ్లినవాళ్లు వెళ్లినట్టు జైలుపాలయ్యారు. కడలూరు అంజలై అమ్మాళ్ తన కూతురితో సహా వెళ్లారు. గాంధీగారు అహింస తప్పకుండా చేయమని చెప్పి ఆ పోరాటాన్ని సమర్థించారు. అయినా విగ్రహం అప్పుడు కదల్లేదు. పదేళ్లకు, 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చాక, దాన్ని అక్కడి నుంచి తీసేశారు, చివరికి అది మద్రాసు మ్యూజియంకు చేరింది. అప్పుడు మన గుంటూరు, కృష్ణా జిల్లాలు ఆ రాష్ట్రంలోనివే కాబట్టి ఆ నిర్ణయం మనది కూడా.

1940లో కలకత్తాలో హాల్వెల్ స్తంభం మీద సుభాష్ చంద్రబోస్ పోరాటం చేశారు. దాన్నీ నడిరోడ్డు మీద నుంచి తీసి చర్చి ఆవరణలోకి మార్చారు. 1968లో ఇండియా గేటు మండపం నుంచి అయిదో జార్జి విగ్రహాన్ని తీసి కొరొనేషన్ పార్కుకు తరలించారు.

ఈ మూడింటిలో దేన్నీ పగలగొట్టలేదు. నడివీధిలో నిలబెడితే అది గౌరవం. మ్యూజియంలో పెడితే అది సాక్ష్యం. మీ అర్జీలో "తీసేయాలి" అన్నచోట "ఎక్కడికి" అని కూడా రాయాలి. అది లేకపోతే రేపు కాంట్రాక్టరు గునపంతో పొడిచి చెత్త ట్రాక్టరులో వేస్తాడు.

---

లా_సెకండియర్ | సోమవారం ఉదయం 8:40

మాస్టారు చెప్పినదానికి చట్టం వైపు నుంచి ఒక ముక్క. వందేళ్లు దాటిన శాసనం, శిల్పం 1972 పురావస్తు చట్టం కింద పురావస్తువు అవుతుంది. ప్రభుత్వ ఆస్తిని పాడుచేస్తే 1984 చట్టం కింద కేసు. ఉత్సాహంలో ఎవరైనా కుర్రాళ్లు సుత్తి పట్టుకుని వెళ్తే వాళ్ల ఉద్యోగాలు పోతాయి, పలక మాత్రం అక్కడే ఉంటుంది. ఏది చేసినా కార్పొరేషన్ కౌన్సిల్ తీర్మానంతో, పురావస్తు శాఖ చేతుల మీదుగా చేయించండి.

పేట పేరు, వీధి పేరు అయితే కౌన్సిల్ స్థాయిలో తేలుతుంది. ఒక ఊరి పేరో, రైల్వే స్టేషన్ పేరో అయితే రాష్ట్రం ఒక్కటే చేయలేదు. కేంద్ర హోం శాఖ అభ్యంతరం లేదని చెప్పాలి. దానికి ముందు రైల్వే, తపాలా, సర్వే విభాగాలను అడుగుతారు.

---

కొత్తపేట_హరి | సోమవారం మధ్యాహ్నం 1:12

దొరల పేర్లేనా? జిన్నా టవర్ సంగతి ఎందుకు రాయరు?

---

వేదిక నిర్వాహకులు | సోమవారం మధ్యాహ్నం 1:50

ఆ టవర్ మీద ఇప్పటికే చాలా గొడవ చూశాం. 2022 ఫిబ్రవరిలో కార్పొరేషన్ దానికి మూడు రంగులు వేయించింది, జెండా ఎగరేశారు. దాని గురించి మాట్లాడాలంటే వేరే చర్చ పెట్టండి. ఇక్కడ ఇంగ్లీషు పాలకుల పేర్లు, పలకల గురించే మాట్లాడుకుందాం. మతాల పేరెత్తిన రెండు పోస్టులు తీసేశాం.

---

గోదావరి_కోడలు | సోమవారం రాత్రి 8:25

నేను పుట్టింది ధవళేశ్వరం దగ్గర, మెట్టింది తెనాలి. ఈ చర్చ చదువుతుంటే టెన్షన్ పట్టుకుంది. రేపు కాటన్ దొర విగ్రహాల మీదకు కూడా వస్తారా? మా వైపు ఆయన బొమ్మ లేని ఊరు తక్కువ. రైతులు పూలదండ వేస్తారు, గోదావరి స్నానం సంకల్పంలో ఆయన పేరు తలుచుకునే పంతుళ్లున్నారు. ఎవరూ బలవంతం చేస్తే చేసింది కాదు అది.

---

కాలవ_గట్టు | సోమవారం రాత్రి 9:03

ఇరిగేషన్‌లో పనిచేసి దిగినవాణ్ని కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తాను, ఏమీ అనుకోకండి.

1832-33లో గుంటూరు సీమలో వచ్చిన కరువును మన పెద్దలు డొక్కల కరువు అన్నారు. మనుషుల డొక్కలు కనిపించిన కరువు. నందన నామ సంవత్సరం కాబట్టి నందన కరువు అని కూడా అంటారు. అయిదు లక్షల జనం ఉన్న సీమలో రెండు లక్షల మంది దాకా పోయారని కంపెనీ లెక్కలే చెబుతాయి. కృష్ణలో నీళ్లు పారుతూనే ఉన్నాయి, సముద్రంలోకి పోతూనే ఉన్నాయి. గట్టున మనుషులు చచ్చిపోయారు. కంపెనీకి ఆ కరువు ఎక్కడ నొప్పి పెట్టిందంటే, శిస్తు పడిపోయినచోట.

కాటన్ ఆ శవాలు చూసిన కాలపు మనిషి. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. అదే ఏడాది బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట మొదలుపెట్టారు. కాటన్ ఆలోచన, పని చేయించింది కెప్టెన్ ఛార్లెస్ ఆర్. 1855కి పూర్తయింది. అది దాదాపు వందేళ్లు నిలబడింది. 1952లో దెబ్బతిన్నాక ఇప్పుడున్న ప్రకాశం బ్యారేజీ కట్టి, 1957లో ప్రారంభించారు.

కంపెనీ ఆనకట్టకు డబ్బు ఇచ్చింది దయతో కాదు, శిస్తు పెరుగుతుందని. పెరిగింది కూడా. కానీ కాటన్ మాత్రం జీవితాంతం రైళ్లకు పోసే డబ్బు కాలవలకు పోయండి అని తన ప్రభుత్వంతోనే పోట్లాడాడు. ఈ రెండూ నిజాలే. ఒకదాని కోసం ఇంకోటి దాచక్కర్లేదు.

నాకు బాధ కలిగించేది వేరే ఉంది. ఆనకట్ట రాళ్లు మోసినవాళ్ల పేరు ఒక్కటైనా ఎక్కడైనా ఉందా? పెదగంజాం దగ్గర మన కొమ్మమూరు కాలవకు కలిసే బకింగ్‌హామ్ కాలవనే చూడండి. 1876-78 కరువులో కూలీకి వచ్చినవాళ్లు తవ్వారు దానిలో కొంత భాగం. రిచర్డ్ టెంపుల్ లెక్కగట్టిన కూలీ రోజుకు మనిషికి ఒక పౌను ధాన్యం, పైన కొంచెం చిల్లర. అర కిలో కూడా కాదు. దాంతో మట్టి తవ్వి మోయాలి. ఆ కాలవకు గవర్నరు డ్యూక్ పేరు పెట్టారు. ఆ డ్యూక్ మిగతావాళ్లకంటే నయమే, కరువు మొదట్లో మద్రాసు ప్రభుత్వం ధాన్యం కొని పెడితే కలకత్తాలోని పెద్దలు తప్పుపట్టారు. అయినా తవ్వింది ఆయన కాదు కదా.

అందుకే అక్కా, బకింగ్‌హామ్ పేరు చెరపమని నేను అడగను. ఆ లాకుల దగ్గర ఒక రాయి పెట్టి, "ఈ కాలవ కరువు కూలీలు తవ్వారు, వాళ్లకు ఇచ్చిన కూలీ ఇంత" అని తెలుగులో రాయించండి. నేను ఆ రాయి ఖర్చులో భాగం పెట్టుకుంటాను.

---

పెదనందిపాడు_రైతుబిడ్డ | సోమవారం రాత్రి 9:40

కాటన్ దొర జోలికి ఎవరూ రారు అక్కా, నేను రానివ్వను. నా మూడెకరాలు ఆ కాలవ కిందివే. నేను అడిగేది పన్నులు పిండినవాళ్ల సంగతి.

---

వన్‌టౌన్_బెజవాడ | మంగళవారం ఉదయం 7:20

మా ఊరి వైపు రండి, పేరు మార్చాక ఏమవుతుందో చూపిస్తాను.

వన్‌టౌన్ పక్కన గాంధీ కొండ ఉంది కదా. ఏడు స్తూపాలు, మధ్యలో 52 అడుగుల స్తూపం, 1968 అక్టోబర్ 6న రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ గారు ఆవిష్కరించారు. అంతకుముందు దాన్ని ఆర్ కొండ అనేవారు. పైన కాలవ_గట్టు గారు చెప్పిన ఆనకట్ట ఇంజినీరు పేరు కూడా ఆర్ అనే. నేను మా వీధిలో పదిమందిని అడిగాను, ఎనభై ఏళ్ల ఒక్క ముసలాయనకు తప్ప పాత పేరు ఎవరికీ తెలియదు. గాంధీగారి పేరు పెట్టడం మంచిదే, నేను వద్దనను. కానీ ఒక బోర్డు మీద రెండు లైన్లు రాసి ఉంటే కింద కనిపించే బ్యారేజీకీ పైన ఉన్న కొండకూ ఏం సంబంధమో పిల్లలకు తెలిసేది.

ఇక బందరు రోడ్డులో విక్టోరియా జూబిలీ మ్యూజియం. రాణి గద్దెనెక్కి యాభై ఏళ్లయ్యాయని 1887 జూన్ 27న కలెక్టరు రాబర్ట్ సెవెల్ దానికి పునాదిరాయి వేశాడు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగింది అక్కడే. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కోటిమంది సభ్యులు, ఇరవై లక్షల రాట్నాలు అని తీర్మానించింది అక్కడే. పింగళి వెంకయ్య గారు గాంధీగారి చేతికి జెండా ఇచ్చింది కూడా ఆ రోజుల్లోనే. రాణిగారి కోసం కట్టిన ఇంట్లో మన జెండా పుట్టింది! ఇప్పుడు అది బాపు మ్యూజియం. బాగుచేసి 2020లో మళ్లీ తెరిచారు.

ఎవరైనా ఆవేశంలో ఆ భవనాన్ని రాణి గుర్తు అని కూల్చి ఉంటే జెండా గుర్తు కూడా పోయేది. మీ పాలరాతి పలక విషయంలో కూడా ఇదొకసారి ఆలోచించండి. దాని వెనక ఏముందో చూడకుండా తీయకండి.

---

కృష్ణలంక_మాస్టారు | మంగళవారం ఉదయం 7:55

ఆ సెవెల్ పేరు రాగానే నా మనసులో ఉన్నది చెప్పాలనిపించింది. 1877లో అమరావతి స్తూపం దగ్గర తవ్వించింది కూడా ఈ సెవెలే. అంతకుముందు 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి, రాళ్లను మద్రాసుకు తరలిస్తే అవి అక్కడి నుంచి లండన్ చేరాయి. ఈ రోజుకీ మన ధాన్యకటకం పాలరాళ్లు నూటికి పైగా బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. నేను అమరావతి వెళ్లినప్పుడల్లా ఆ ఖాళీ మట్టిదిబ్బ చుట్టూ తిరుగుతూ, ఒక రాయిని దాని చోటు నుంచి తీస్తే ఆ చోటు ఎంత మూగబోతుందో చూస్తుంటాను. ఆ పలకను తీయించినా, అది ఉన్నచోట "ఇక్కడ ఫలానా పలక ఉండేది, ఫలానా సంవత్సరంలో ఫలానా చోటికి మార్చాం" అని ఒక చిన్న రాత ఉంచండి. ఇది నా ప్రార్థన.

---

కొత్తపేట_హరి | మంగళవారం ఉదయం 10:30

బెజవాడలో బీసెంట్ రోడ్డు పేరు కూడా మార్చాలిగా మరి?

---

వన్‌టౌన్_బెజవాడ | మంగళవారం ఉదయం 10:48

వద్దు తమ్ముడూ. అనీ బీసెంట్ 1916లో హోం రూల్ లీగ్ పెట్టి ఇంగ్లీషు ప్రభుత్వం చేతిలో నిర్బంధం అనుభవించిన ఆవిడ. 1917లో కాంగ్రెస్ అధ్యక్షురాలు. పుట్టిన దేశం చూసి కాదు, చేసిన పని చూసి మాట్లాడాలి. మీ గుంటూరులోనే కుగ్లర్ గారి ఆసుపత్రి ఉంది. ఆవిడ 1883లో అమెరికా నుంచి వచ్చి ఆడవాళ్లకు, పిల్లలకు వైద్యం చేస్తూ ఇక్కడే చనిపోయారు. ఆ పేరును ఎవరైనా తీసేస్తానంటే మా అమ్మమ్మ లేచివస్తుంది.

---

రైలుగేటు_పక్క | మంగళవారం రాత్రి 11:17

మూడు రోజులుగా చదువుతున్నాను. రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. ఇప్పుడు విజయవాడలో ఉద్యోగం. మా ఊరు స్టువర్టుపురం.

మీరందరూ పేటల పేర్ల గురించి మాట్లాడుతున్నారు. బ్రాడీపేట అని చెబితే ఎవరూ మిమ్మల్ని కిందా మీదా చూడరు. మా ఊరి పేరు చెబితే చూస్తారు. అద్దె ఇల్లు అడిగినప్పుడు "మీ సొంతూరు?" అంటే నేను బాపట్ల అంటాను. మా అన్నయ్య చీరాల అంటాడు. కాలేజీ హాస్టల్లో ఒకడి వాచీ పోతే ముందు నా పెట్టె తెరిచారు. వాచీ తర్వాత బాత్రూంలో దొరికింది. ఎవరూ సారీ చెప్పలేదు.

స్టువర్టు అంటే సర్ హెరాల్డ్ స్టువర్టు, మద్రాసు గవర్నరు కౌన్సిల్ సభ్యుడు. 1871లో ఇంగ్లీషు వాళ్లు నేరస్థ జాతుల చట్టం చేశారు. కొన్ని కులాల్లో పుట్టినవాళ్లందరూ పుట్టుకతోనే దొంగలని ఆ చట్టం అర్థం. 1911లో దాన్ని మద్రాసు రాష్ట్రానికి కూడా తెచ్చారు. అప్పటిదాకా మా ఎరుకల వాళ్లు ఉప్పు, ధాన్యం ఎడ్ల మీద, గాడిదల మీద మోసుకుని ఊరూరా తిరిగి అమ్ముకునేవాళ్లు, బుట్టలు అల్లేవాళ్లు, సోది చెప్పేవాళ్లు. రైళ్లు, ఉప్పు చట్టాలు వచ్చి ఆ బతుకుతెరువు పోగొట్టాయి. తర్వాత తిరిగేవాళ్లంతా దొంగలన్నారు. 1913లో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ వాళ్ల చేతికిచ్చి మా ఊరు సెటిల్‌మెంటుగా, అంటే కాపలా ఉన్న కాలనీగా, పెట్టించారు. బెజవాడ ఎదురుగా సీతానగరంలోనూ ఒక సెటిల్‌మెంటు ఉండేది.

వేలిముద్రలు, హాజరు, ఊరు దాటాలంటే పాసు. మా ముత్తాత చీరాల పొగాకు కంపెనీలో పనికి వెళ్లి రావడానికి కూడా పాసు ఉండాలి. దాన్ని మా తాత చూశాడు, నాకు చెప్పాడు. రాత్రిపూట పేరు పిలిస్తే జ్వరంతో ఉన్నా లేచి పలకాలి.

మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది. ఊరి పేరు పోలేదు, పేరుకు అంటిన ముద్రా పోలేదు. సినిమాలు వచ్చి ఇంకా గట్టిగా అంటించాయి. మా ఊళ్లో టీచర్లున్నారు, నర్సులున్నారు, రైల్వే ఉద్యోగులున్నారు. వాళ్ల మీద ఎవరూ సినిమా తీయరు.

మీ అర్జీలో మా ఊరు లేదు. అది నాకు కోపం తెప్పించలేదు, అలవాటే. చెప్పాలనిపించి చెప్పాను.

---

బ్రాడీపేట_నాలుగోలైను | బుధవారం ఉదయం 5:50

తమ్ముడూ, రాత్రి చదివాక నిద్ర పట్టలేదు. చీరాల నుంచి రైల్లో వచ్చేటప్పుడు ఆ స్టేషన్ బోర్డు వందసార్లు చూసి ఉంటాను. చిన్నప్పుడు ఆ స్టేషన్ రాగానే మా అమ్మ సామాను దగ్గరకు లాక్కునేది. నేనూ పెద్దయ్యాక ఒకసారి అదే పని చేశాను. మీ ముందు ఒప్పుకుంటున్నాను, క్షమించండి.

నా అర్జీలో రెండో లైనులోనే మీ ఊరు ఉండాల్సింది. పేరు మార్చమని రాయమంటారా?

---

గోదావరి_కోడలు | బుధవారం ఉదయం 8:10

బాబూ, చదివి ఏడ్చాను. తప్పకుండా మార్చాలి ఆ పేరు.

---

రైలుగేటు_పక్క | బుధవారం రాత్రి 10:02

ఇక్కడే కష్టం అండీ. ఈ రోజు ఇంటికి ఫోన్ చేసి మాట్లాడాను. మా ఇంట్లోనే మూడు మాటలు.

మా చెల్లి ఇంటర్వ్యూలకు తిరుగుతోంది. "రేపే మార్చండి" అంది. మా నాన్న మాత్రం, పేరు మారిస్తే కొత్త పేరుకు కూడా ఏడాదిలో అదే ముద్ర వేస్తారు, మార్చాల్సింది చూసేవాళ్ల కళ్లు అన్నాడు. ఆయనకు డెబ్బై దాటాయి. కుర్రాడిగా ఉన్నప్పుడు హేమలత, లవణం దంపతులు మా ఊరికి వచ్చి పనిచేయడం చూశాడు. దొంగతనాలు మానేసినవాళ్లకు పని చూపించడం, పిల్లలను చదివించడం, పోలీసులతో మాట్లాడడం, అన్నీ పేరు అలాగే ఉండగానే చేశారు కదా అంటాడు. మా నాయనమ్మ మాట ఇంకొకటి. "ఈ ఊళ్లో నా బిడ్డలు పుట్టారు, నా మొగుణ్ని ఇక్కడే పూడ్చారు, పేరు తీసేస్తే నేను ఎక్కడిదాన్ని?" అంది.

కాబట్టి బయటివాళ్లెవరూ మా ఊరి పేరు మార్చమని అర్జీ పెట్టవద్దు. పేరు పెట్టినప్పుడూ మమ్మల్ని అడగలేదు. మార్చాలో వద్దో గ్రామసభలో మేం తేల్చుకుంటాం. కానీ ఒకటి మాత్రం మా ఇంట్లో అందరూ ఒప్పుకున్నారు. స్టేషన్ దగ్గర, ఊరి మొదట్లో ఒక బోర్డు కావాలి. ఈ ఊరు ఎలా ఏర్పడింది, ఆ చట్టం ఏమిటి, అది ఎప్పుడు రద్దయింది, తెలుగులో పెద్ద అక్షరాలతో. రైలు రెండు నిమిషాలు ఆగినా కిటికీలోంచి చదివేలా.

---

లా_సెకండియర్ | బుధవారం రాత్రి 10:30

అన్నా, బోర్డుకు కేంద్రం దాకా వెళ్లక్కర్లేదు. ఊరి మొదట్లో పెట్టేది పంచాయతీ తీర్మానంతో అవుతుంది. స్టేషన్ ఆవరణలో అయితే రైల్వే డివిజన్ అనుమతి కావాలి. ముందు పంచాయతీ తీర్మానం ఉంటే రైల్వే వాళ్లను అడగడం తేలిక. కాగితం నేను రాసిపెడతాను. మీ ఊరు ఇప్పుడు బాపట్ల జిల్లా కాబట్టి అర్జీ అక్కడి కలెక్టరేట్‌లో ఇవ్వాలి, గుంటూరులో కాదు.

---

అరండల్‌పేట_షాపు | గురువారం ఉదయం 9:15

ఆదివారం రాసినప్పుడు నా కాగితాల గురించి తప్ప ఇంకేం ఆలోచించలేదు. ఈ బాబు రాసింది మా ఆవిడకు చదివి వినిపించాను. ఆ బోర్డుకు ఇనుము, రంగు, రాత నా షాపు నుంచి. మా పేట పేరు విషయంలో మాత్రం నా మాట మారలేదు. అది ఎవరికీ గాయం కాదు, ఉంచండి. దాని పక్కన అరండల్ ఎవరో చెప్పే పలక పెట్టండి, అభ్యంతరం లేదు.

---

పెదనందిపాడు_రైతుబిడ్డ | గురువారం ఉదయం 9:50

నేను ఒప్పుకోను అన్నా. కొత్త కాలనీలకైనా, కొత్త రోడ్లకైనా మనవాళ్ల పేర్లు రావాలి, ఉన్నవీ మారాలి. మించాలపాడు ఎక్కడో గుంటూరులో ఎంతమంది చెప్పగలరు? చీరాల-పేరాలలో పన్ను కట్టం అని ఊళ్లు ఖాళీ చేసి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెంట రామనగర్ గుడిసెల్లో దాదాపు ఏడాది ఉన్న జనం పేరు ఎన్ని వీధులకు ఉంది?

---

బ్రాడీపేట_నాలుగోలైను | శుక్రవారం రాత్రి 9:30

సంతకం పెట్టినవాళ్లతో ఈ సాయంత్రం మళ్లీ కూర్చున్నాం. మూడు గంటలు పట్టింది. పేటల పేర్ల దగ్గర ఒప్పందం కుదరలేదు. సగం మంది అరండల్‌పేట అన్న వైపు, సగం మంది పెదనందిపాడు తమ్ముడి వైపు. నా మనసు ఇప్పటికీ మార్చాలనే అంటుంది. కానీ సగం మందికి ఇష్టం లేని దాన్ని అందరి సంతకాల కింద పెట్టడం తప్పు. అందుకని ఆ మాట ఈ అర్జీలోంచి తీసేశాను. దాని మీద వార్డు సభ పెట్టి అడగాలని మాత్రం రాశాం.

ఒప్పందం కుదిరినవి ఇవి. బడి గోడలోని పలకను పురావస్తు శాఖ వాళ్లు చూసి, రాత నకలు తీసుకుని, మ్యూజియానికి మార్చాలి. అది ఉన్నచోట మాస్టారు చెప్పినట్టు ఎప్పుడు, ఎక్కడికి మార్చారో రాయాలి. బ్రాడీపేట, అరండల్‌పేట మొదటి లైన్లలో ఆ పేర్లు ఎవరివో, వాళ్లు ఏ ప్రభుత్వపు అధికారులో తెలుగులో చెప్పే పలకలు పెట్టాలి. సమరయోధుల దిమ్మె మీద ఫ్లెక్సీ కడితే జరిమానా వేయాలి. పెదగంజాం లాకుల దగ్గర కరువు కూలీల రాయికి కాలవ_గట్టు గారు వేరే అర్జీ రాస్తున్నారు.

స్టువర్టుపురం బోర్డు అర్జీ మేం రాయలేదు, రాయం. తమ్ముడు, వాళ్ల ఊరివాళ్లు రాస్తారు. మేం వెనక నిలబడతాం. బోర్డు మీద రాయడానికి లా_సెకండియర్ తమ్ముడు పంపిన మొదటి వాక్యం కింద పెడుతున్నాను, చూడండి:

"ఈ గ్రామాన్ని 1913లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతుల కోసం ఏర్పాటు చేసింది."

---

రైలుగేటు_పక్క | శుక్రవారం రాత్రి 11:40

అక్కా, ఆ వాక్యం మా నాన్నకు ఫోన్‌లో చదివాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక్క చోట మార్చమన్నాడు. "నేరస్థ జాతుల కోసం" అని ఉండకూడదట. "నేరస్థ జాతులని ముద్ర వేసిన ఎరుకల కుటుంబాలను కాపలా పెట్టి ఉంచడానికి" అని రాయమన్నాడు. చివర్లో చట్టం రద్దయిన తారీకు పెద్ద అక్షరాల్లో ఉండాలన్నాడు.

---

బ్రాడీపేట_నాలుగోలైను | శనివారం ఉదయం 6:05

మార్చాను తమ్ముడూ. నాన్నగారికి చదివి వినిపించి సరేనంటే చెప్పు. మా అర్జీ సోమవారం గుంటూరు గ్రీవెన్స్‌లో ఇస్తున్నాం, పది గంటలకు కలెక్టరేట్ గేటు దగ్గర కలుద్దాం. బాపట్ల ఎప్పుడు వెళ్దామో మీ ఊరివాళ్లు తేదీ చెప్పండి. మా అబ్బాయి కూడా వస్తానంటున్నాడు, హోంవర్క్ ఇంకా ఇవ్వలేదు వాడు.